వేరు దగ్గర తెగిన నరం

నేను ముప్పై రెండేళ్ళు ఫిజియోథెరపిస్టుగా పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. పనిచేసింది నూజివీడు దగ్గర ఒక ఆసుపత్రిలో. దాని పేరు చెప్పను. మనుషుల పేర్లు కూడా మార్చాను. జరిగినదాన్ని మాత్రం మార్చలేదు.

వీడ్కోలు సభలో నన్ను ఓర్పుకు మారుపేరన్నారు. శాలువా కప్పించుకుని తలవంచుకుని కూర్చున్నాను గానీ లోపల మండిపోయింది. నా ఓర్పు వల్లే ఒక మనిషి చెయ్యి పోయింది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఆ హాల్లో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, సర్టిఫికెట్ల గురించి మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను చెప్పేది నరాల గురించి, నోరు మూసుకోవడం గురించి.

నరం బలమెంత

చదువుకునే రోజుల్లో మా అనాటమీ మాస్టారు ఒకరోజు నన్నూ నా స్నేహితురాలినీ టేబుల్ దగ్గరికి పిలిచారు. శవం తొడలో బొటనవేలంత లావున్న నరాన్ని విడదీసి చెరో చివరా మా చేతికిచ్చి, "లాగండి" అన్నారు. లాగాం. ఇంకా గట్టిగా లాగమన్నారు. కాళ్ళు నేలకు తన్నిపెట్టి లాగినా అది తెగలేదు.

తర్వాత శవాన్ని బోర్లా తిప్పించి, అంతకుముందే తెరిచి ఉంచిన వెన్నెముకను చూపించారు. లోపల వెన్నుపాము, దానికి రెండు వైపులా సన్నటి దారాల్లాంటి నరాల వేర్లు. ఒక వేరును చూపించి, "ఇప్పుడు దీన్ని లాగు, మెల్లగా" అన్నారు. చిమటాతో పట్టుకుని కొంచెం లాగానో లేదో, మొదలు దగ్గర ఊడి చేతికొచ్చింది.

"ఇంతేనా సార్?" అన్నాను.

"ఇంతే. ఇదైనా మందుల్లో నాని గట్టిపడింది. బతికున్న మనిషిలో ఇంకా మెత్తగా ఉంటుంది. వెన్నుపాము జున్నులా ఉంటుంది. అందుకే దాన్ని పొరలో చుట్టి, నీళ్ళలో తేల్చి, ఎముకలో దాచారు."

ఆ దాచిందెవరో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. మిగతాది మాత్రం బాగా చెప్పారు. ఒంట్లో తిరిగే నరానికి పొర మీద పొర ఉంటుంది. కొబ్బరితాడులోలాగా పోగులన్నీ కట్టలు కట్టలుగా చుట్టి ఉంటాయి. అందుకే కొంత లాగుడుకు తట్టుకుంటుంది. వెన్నుపాము నుంచి అప్పుడే బయల్దేరిన వేరుకు ఆ పొరలుండవు. మెడ వంచినా తిప్పినా సరిపోయేలా కాస్త వదులుగా, అలలు అలలుగా ఉంటుంది, అంతే. మెల్లగా సాగదీస్తే కొంత సర్దుకుంటుంది. ఒక్కసారిగా గుంజితే సర్దుకోవడానికి టైమ్ ఉండదు. ఊడిపోతుంది.

ఇంకొకటి. నరం తెగకుండా కూడా చచ్చుబడుతుంది. కొంచెం ఎక్కువ సాగితే చాలు, లోపల రక్తం ఆడదు, మనిషి చెయ్యి కదపలేడు. అలాంటి నరం వారాల్లోనో నెలల్లోనో కోలుకుంటుంది. వేరు దగ్గర ఊడిన నరం దానంతటది ఎన్నటికీ అతుక్కోదు. పైకి చూస్తే రెండూ ఒకటే. చెయ్యి వేలాడుతుంది. ఎక్స్‌రేలో ఏమీ ఉండదు. మొదటి రకానికి ఎదురుచూడటమే వైద్యం. రెండో రకానికి ఎదురుచూడటమంటే ఆ మనిషి గొంతు నులమడమే. ఈ తేడా పట్టుకోలేకపోతే మనం చేసే వ్యాయామాలన్నీ కాలక్షేపం.

ఆ తేడా నాకు తెలుసు. అదే నా బాధ.

దుర్గారావు

జి. కొండూరు వైపు నుంచి వచ్చిన కూలీ. ముప్పై ఏళ్ళుండవు. మామిడి కోతల కాలంలో చిక్కం కట్టిన గెడ పట్టుకుని కొమ్మల్లోకి ఎక్కేవాడు. అందని కాయ కోసం బాగా పైకెళ్ళి, కాలు జారి పడ్డాడు. కుడిభుజం ముందు నేలకు తగిలింది, తల ఎడమవైపుకు విరుచుకుపోయింది. మెడకూ భుజానికీ మధ్య దూరం ఒక్క క్షణంలో పెరిగిపోయింది. మాస్టారు మెల్లగా లాగమన్నలాంటి వేర్లను నేల ఒక్కసారిగా గుంజేసింది.

పక్కనున్నవాళ్ళు చేసిన పని కూడా చెప్పాలి. పడినవాణ్ణి ఆ కుడిచెయ్యే పట్టుకుని పైకి లేపారు. వాళ్ళది మంచితనమే. కానీ చెట్టు మీది నుంచి పడినవాణ్ణి చెయ్యి పట్టి లేపకూడదని, మెడ కదలకుండా బల్ల మీద చేర్చాలని ఇన్ని తోటలున్న ఈ ప్రాంతంలో ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. కాయ మీద గీత పడకుండా ఎలా దింపాలో అందరికీ తెలుసు. కాయకు సొన అంటకుండా తొడిమ ఎంత పొడుగుంచి కొయ్యాలో తెలుసు. పడిన మనిషిని ఎలా ఎత్తాలో తెలియదు.

వారం తర్వాత నా గదికి వచ్చాడు. భార్య నాగమణి వెంట వచ్చింది. "ఎముకేం ఇరగలేదన్నారండీ పెద్ద డాక్టరు గారు. మీ దగ్గర కరెంటు పెట్టించుకోమన్నారు" అంది.

చెయ్యెత్తమన్నాను. లేవలేదు. మోచెయ్యి వంచమన్నాను. వంగలేదు. వేళ్ళు ముడవమంటే ముడిచాడు, పిడికిలి గట్టిగానే ఉంది. చెయ్యంతా నిప్పుల్లో పెట్టినట్టు మండుతోందని చెప్పాడు.

చొక్కా విప్పించి వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. వీపు పైన రెండు వైపులా రెక్క ఎముకలుంటాయి కదా, వాటిని దగ్గరికి తెచ్చుకోమన్నాను. ఎడమది కదిలింది, కుడిది కదల్లేదు. కుడిచేతిని నేనే ఎత్తిపట్టుకుని, నా అరచేతిని నెట్టమన్నాను. నెట్టాడు. రెక్క ఎముక లోపలి అంచు వీపు నుంచి విడిపోయి, తలుపు సగం తెరిచినట్టు పైకి లేచింది.

అక్కడే తెలిసిపోయింది. రెక్క ఎముకను పట్టి ఉంచే కండరాలకు వెళ్ళే నరాలు, వేరు ఎముకలోంచి బయటికి రాగానే విడిపోతాయి. అవి కూడా చచ్చుబడ్డాయంటే దెబ్బ అంతకంటే లోపల తగిలిందని అర్థం. వెన్నుపాము దగ్గరే వేర్లు ఊడిపోయి ఉండాలి. స్కాన్ తీయించి, ఆ నరాల ఆపరేషన్లు చేసేవాళ్ళ దగ్గరికి పంపాలి. మూడు నాలుగు నెలల్లోపే.

"వంగిద్దాండీ మేడం?" అంది నాగమణి.

"డాక్టరు గారిని అడిగొస్తాను, ఉండమ్మా" అన్నాను.

పెద్ద డాక్టరు గారు

ఆయన చెడ్డవాడు కాదు. విరిగిన ఎముకను ఆయనంత శుభ్రంగా కట్టేవాణ్ణి నేను చూడలేదు. కానీ ఎక్స్‌రేలో కనపడనిది ఆయన దృష్టిలో రోగమే కాదు.

"సార్, ఇది నరం సాగడం కాదేమో అనిపిస్తోంది. రెక్క ఎముక లేస్తోంది. వేర్లు ఊడినట్టున్నాయి. విజయవాడ పంపిద్దామా?" అన్నాను.

"ఎక్స్‌రే చూశావా?"

"చూశానండీ. ఎముక బాగానే ఉంది."

"ఇంకేంటమ్మా మరి? వాపు తగ్గితే అదే వచ్చేస్తుంది. ఆరు నెలలు చూద్దాం. రోగం ఏంటో చెప్పడం నా పని. వ్యాయామం చేయించడం నీ పని."

గదిలో జూనియర్ డాక్టర్లు ఇద్దరున్నారు. ఒకతను నవ్వు ఆపుకున్నాడు. నేను "సరేనండీ" అని బయటికొచ్చేశాను.

ఆ "సరేనండీ" అన్న మాటను తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అంతటితో ఆగినా కొంత నయం. గదిలోకి వచ్చి నాగమణితో ఇలా అన్నాను: "వస్తుందమ్మా. నరం కదా, టైమ్ పడుతుంది."

అది అబద్ధం. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. పెద్దాయన మాట కాదన్నానన్న పేరెందుకని ఆ మాట అన్నాను. ఆ తర్వాత పది నెలలు వాళ్ళు రెండు బస్సులు మారి వస్తూనే ఉన్నారు. నేను కండకు చిన్నగా కరెంటు పెట్టాను. కీళ్ళు బిగుసుకోకుండా వంచాను. కళ్ళ ముందే ఆ చేతి కండ కరుగుతూ వచ్చింది. నాగమణి వచ్చిన ప్రతిసారీ అదే అడిగేది, నేను అదే చెప్పేదాన్ని. నెలలు గడిచేకొద్దీ నిజం చెప్పడం కష్టమైపోయింది. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు కదా. మీరు కూడా ఈ బురదలో దిగకండి. మొదటిరోజు చెప్పని నిజం రెండో రోజుకు రెట్టింపు బరువవుతుంది.

మైలవరంలో ఒక ఆదివారం

మైలవరంలో ఉచిత శిబిరం పెట్టారు. నరాల ఆపరేషన్లు చేసే డాక్టరొకాయన వస్తున్నారని నాగమణి ఎక్కడో విని, "మీరు కూడా రండి మేడం, ఆయనేదైనా అడిగితే మాకు చెప్పడం రాదు" అంది. వెళ్ళాను.

ఆ డాక్టరు వయసులో చిన్నవాడు. ఎక్స్‌రే కవరు పక్కన పెట్టేసి, చొక్కా విప్పించి, నేరుగా దుర్గారావు వెనక్కి వెళ్ళాడు. రెక్క ఎముకను చూశాడు.

"పడి ఎన్నాళ్ళయింది?"

"పదకొండు నెలలండీ" అన్నాడు దుర్గారావు.

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, ఏమీ దాచకుండా చెప్పాడు. వేళ్ళకు వెళ్ళే నరం బాగానే ఉంది. అందులోంచి ఒక పోగు తీసి మోచెయ్యి వంచే కండ నరానికి కలిపే ఆపరేషన్ ఒకటుంది. మూడు నాలుగు నెలల్లోపు వచ్చి ఉంటే అదే చేసేవాడు. నరం అందని కండ ఎల్లకాలం ఎదురుచూడదు. ఎండిపోయి, ఇక నరం వచ్చినా పనికిరాని స్థితికి చేరుతుంది. ఇప్పుడిక తొడలోంచి కండ తెచ్చి పెట్టే పెద్ద ఆపరేషనొకటి ఉంది, ఫలితానికి హామీ ఇవ్వలేను అన్నాడు. దుర్గారావు వద్దని తలూపాడు.

షామియానా బయటికొచ్చాక నాగమణి ఆగింది.

"మేడం గారూ, ఆయన ఎనక్కెళ్ళి ఆ ఎముక చూశారు కదా. మీరు కూడా మొదటి రోజే చొక్కా ఇప్పించి చూశారు. నేనక్కడే ఉన్నా."

"చూశాను."

"అప్పుడే తెలుసాండీ మీకు?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. ఈసారి మింగేశాను. "తెలుసు" అన్నాను.

ఆమె అరవలేదు. "నేను అడిగాను కదండీ. ఎన్నిసార్లు అడిగాను" అంది.

"అడిగావు."

"మేం చదువుకోలేదు. ఆ ఎక్స్‌రే ఎటు తిప్పి చూడాలో కూడా మాకు తెలీదు. మీరు అన్నీ తెలిసి, మాతో పాటు కూర్చుని ఎదురుచూశారా?"

ఇద్దరూ బస్సెక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు పెద్ద డాక్టరు గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. నా గొంతు పెరిగిందని ఆయన తలుపు వేయించారు. అంతా విని, "నువ్వు గట్టిగా చెప్పలేదు కదమ్మా" అన్నారు. నా జన్మలో ఏ మాటకూ అంత కోపం రాలేదు. అందులో సగం నిజముంది కాబట్టే వచ్చింది. మిగతా సగం ఆయనది. ఆ సగాన్ని ఆయన రిటైరయ్యేదాకా ముట్టుకోలేదు.

సత్యవతి

రెండేళ్ళ తర్వాత బాపులపాడు వైపు నుంచి సత్యవతి వచ్చింది. మామిడికాయలు గ్రేడింగ్ చేసే షెడ్డులో పని. కూలీలను తీసుకెళ్తున్న ట్రాలీ ఆటో బోల్తాపడినప్పుడు ఆమె భుజం నేలకు తగిలేలా పడింది. మోచెయ్యి వంగదు, వేళ్ళు ముడుచుకుంటాయి. వెనక్కి వెళ్ళి చూశాను. రెక్క ఎముక లేచింది.

ఈసారి ఎవరినీ అడగలేదు. తెల్లకాగితం మీద చూసింది చూసినట్టు రాసి, కింద నా పేరు పెట్టి, మైలవరంలో చూసిన డాక్టరు గారికి పంపాను. పెద్ద డాక్టరు పిలిచి, "ఎవర్నడిగి రాశావు?" అన్నారు. "ఎవర్నీ అడగలేదండీ" అన్నాను. మెమో ఇస్తానన్నారు. ఇమ్మన్నాను.

స్కాన్‌లో రెండు వేర్లు ఊడిపోయాయని తేలింది. వేళ్ళ నరంలోంచి పోగు తీసి కలిపే ఆ ఆపరేషన్ చేస్తామన్నారు. అడ్డం పడింది సత్యవతి అత్తగారు.

"ఉన్న వేళ్ళన్నా ఆడుతున్నాయి. ఆ నరాన్ని కూడా కోస్తానంటున్నారు. ఇయ్యి కూడా పోతే ఎవరు పూచీ?"

ఆవిడ అడిగినదాంట్లో తప్పులేదు. నరంలో చాలా పోగులుంటాయని, ఒకటి తీస్తే పట్టు పోదని చెప్పాను. ఆవిడ వినలేదు. మా మాట ఎందుకు వినాలి? మేమే కదా ఊళ్ళన్నిటికీ 'టైమ్ పడుతుంది' అని చెప్పి పంపింది. రెండో నెల దాటుతోంది.

దుర్గారావు అప్పటికి ఒక ప్యాకింగ్ షెడ్డులో ఎడమచేత్తో పెట్టెల్లో గడ్డి సర్దే పని చేస్తున్నాడు. వెళ్ళి, ఒక్కసారి వచ్చి వాళ్ళతో మాట్లాడమని అడిగాను.

"నా చెయ్యి చూపించుకుని మీరు మంచి పేరు తెచ్చుకుంటారా?" అన్నాడు.

"నాకు పేరేం రాదు. మెమో వస్తుంది."

"నేను రానండీ."

తిరిగొచ్చేశాను. మర్నాడు పొద్దున పది గంటలకు ఒక్కడే బస్సు దిగి ఆసుపత్రికి వచ్చాడు. నా వైపు చూడకుండా, సత్యవతిని వెంటబెట్టుకొచ్చిన అత్తగారి ముందు కూర్చున్నాడు.

"నా ఏళ్ళు కూడా ఆడతాయమ్మా. చూడండి" అని కుడిచేతి పిడికిలి బిగించి విప్పాడు. "ముద్ద పట్టుకుంటాను. నోటి దాకా తేలేను. నాకూ ఈ ఆపరేషన్ చెయ్యాల్సిందేనంట. టయానికి ఎవరూ చెప్పలేదు. ఈవిడ వచ్చిద్దిలే అని చెప్పింది."

"మరి ఇప్పుడు ఈవిడ మాటే నమ్మమంటావా?" అంది ఆవిడ.

"అప్పుడు ఈవిడ నిమ్మళంగా చెప్పింది. ఇప్పుడు చూడండి, కంగారుపడతంది. కంగారుపడేటప్పుడు నమ్మొచ్చు."

పది రోజుల్లో సత్యవతికి ఆపరేషన్ అయింది.

తర్వాత పని నాది. ఈ ఆపరేషన్ అయినవాళ్ళకు వ్యాయామం చేయించడం విచిత్రంగా ఉంటుంది. మోచెయ్యి వంచే కండకు ఇప్పుడు పిడికిలి బిగించే పోగు వచ్చింది. అందుకని వంచమని చెప్పకూడదు, పిడికిలి బిగించమని చెప్పాలి. నాలుగు నెలలు ఏమీ లేదు. సత్యవతి అడిగేది. "రావచ్చు, రాకపోవచ్చు. వచ్చేదైతే ఇంకో రెండు మూడు నెలల్లో తెలుస్తుంది" అని ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. ఆమె అందుకేమీ కుంగిపోలేదు. నిజం చెబితే రోగులు డీలా పడతారని మా పెద్దవాళ్ళు చెప్పిన మాట నేను ఆ గదిలోనే వదిలేశాను. డీలా పడేది మనం, మన పరువు పోతుందని.

ఐదో నెలలో ఒకరోజు పిడికిలి బిగించమంటే నా వేలికింద కండ చిన్నగా కొట్టుకుంది. మళ్ళీ బిగించమన్నాను. మళ్ళీ కొట్టుకుంది. ఏడాది తిరిగేసరికి ఆ చేత్తోనే అన్నం తింటోంది. భుజం పూర్తిగా రాలేదు, చెయ్యి తలమీదికి ఎత్తలేకపోతోంది. అది కూడా రాస్తున్నాను, ఆపరేషన్‌తో అంతా నయమైపోతుందని మీరు రేపు ఇంకొకరికి చెప్పకుండా.

మీకు చెప్పాల్సింది పెద్దగా లేదు. చెయ్యి వేలాడుతూ ఎవరొచ్చినా చొక్కా విప్పించి వెనక్కి వెళ్ళి చూడండి. చూసింది రాయండి, కింద పేరు పెట్టండి. పెద్దవాళ్ళు కాదంటే రోగికి చెప్పండి. ఆ చెయ్యి పెద్దవాళ్ళది కాదు. ఓర్పు మంచి గుణమని ఎవరైనా అంటే, ఎవరి చేతిని పణంగా పెట్టి అని అడగండి.

సత్యవతి చివరిసారి నా దగ్గరికి వచ్చినరోజే దుర్గారావు మంట తగ్గే మాత్రల కోసం ఆసుపత్రికి వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి ఆమె మోచెయ్యి వంచడం చూశాడు. లోపలికొచ్చి, "ఏమనుకోకమ్మా" అని ఎడమచేత్తో ఆమె కండ పట్టుకుని, ఇంకోసారి వంచమన్నాడు. ఆమె వంచింది. కండ బిగిసినంతసేపూ చెయ్యి తియ్యలేదు.

ఆమె వెళ్ళిపోయాక నన్నడిగాడు: "నాకు కూడా ఇట్టా వచ్చేదాండీ?"

"ఇంతే వచ్చేదని చెప్పలేను దుర్గారావూ. వచ్చే అవకాశం మాత్రం చాలా ఉండేది. దాన్ని పోగొట్టినవాళ్ళలో నేనొకదాన్ని."

అతను తలూపాడు. మాత్రల చీటీ జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"నాగమణి కనిపిస్తే ఈమాట అనకండి. ఈమధ్యే నా చెయ్యి గురించి అడగడం మానేసింది."